మిరియాల మొదలు చూసిన పీపాలవాడు

లిస్బన్ రేవులో, తేజో నది పోటెత్తితే నీళ్ళు గడప దాకా వచ్చే ఒక పాకలో మెండో పీపాలు కట్టేవాడు. వైను పీపాలు, ఆలివు నూనె పీపాలు, ఉప్పు చేపల పీపాలు, అన్నిటికంటే ఎక్కువగా ఓడల మీద తాగునీళ్ళ పీపాలు. మనిషి పొట్టి. భుజాలు మాత్రం తలుపంత ఉండేవి. పలకరిస్తే తలూపేవాడు, తిడితే కూడా తలే ఊపేవాడు. అలాంటివాడు ఒక్క విషయం ఎత్తితే మాత్రం ఎదుటివాళ్ళు లేచిపోయేదాకా వదిలేవాడు కాదు. ఆ విషయం మిరియాలు.

దానికి కారణం పేరో అనే వాళ్ళ నాన్న. ఆయనకు కొండవీధిలో చిన్న సుగంధద్రవ్యాల అంగడి ఉండేది. అల్లం, దాల్చినచెక్క, లవంగాలు ఏవో కొద్దికొద్దిగా ఉండేవి కానీ అంగడికి ప్రాణం మిరియాలే. శీతాకాలం ముందు ప్రతి ఇంట్లో పందిని కోసి మాంసం ఉప్పేసి దాచుకుంటారు కదా, ఆ మాంసం వసంతం దాకా నోట పెట్టుకోవాలంటే మిరియాలు పడాలి. డాక్టరు మందు రాసినా మిరియాలే, పెద్దింట్లో విందు జరిగినా మిరియాలే. పేరో వాటిని తూచేటప్పుడు కిటికీలు మూసేవాడు. గాలికి ఒక్క గింజ దొర్లినా మోకాళ్ళ మీద కూర్చుని వెతికేవాడు. ఆయన తాసు బంగారం పనివాళ్ళు వాడేలాంటి చిన్నది.

సరుకు తెచ్చేది వెనిస్ వాళ్ళ మనిషి. బెర్నాబో అని పేరు. చలికాలం రాకముందే బొచ్చు కాలరు కోటు తొడుక్కుని వచ్చేవాడు. ధర ఎంతో ఆయన చెప్పాలి, వీళ్ళు వినాలి. మెండోకు మీసాలు మొలుస్తున్న రోజుల్లో ఒక ఏడు బెర్నాబో చెప్పిన ధర విని పేరో చేతిలో తాసు కింద పెట్టేశాడు.

"ఈజిప్టులో సుల్తాను మనుషులు కొట్టుకుంటున్నారు. నన్నేం చేయమంటారు?" అన్నాడు బెర్నాబో. "ఇష్టం లేకపోతే మానెయ్యండి. చప్పగా తినండి, ఆరోగ్యానికి మంచిది."

అప్పుడు మూలన నిలబడ్డ మెండో అడిగాడు. "అసలివి మీకెక్కడివండీ?"

"అలెగ్జాండ్రియా నుంచి."

"దానికి ముందు?"

"ఎర్రసముద్రం మీద అరబ్బులు తెస్తారు."

"దానికి ముందు?"

"ఇండియా అంటారు. నేను చూడలేదు. మా నాన్నా చూడలేదు."

"దానికి ముందు?"

బెర్నాబో పడీపడీ నవ్వాడు. "దానికి ముందు స్వర్గమే అబ్బాయ్. అక్కడి చెట్ల మీంచి నదిలో రాలి కొట్టుకొస్తాయట. బుట్ట తీసుకుని వెళ్ళు మరి, ఏరుకొద్దువుగాని."

అంగట్లో ఉన్నవాళ్ళంతా నవ్వారు. పేరో నవ్వలేదు. బెర్నాబో వెళ్ళాక తాసు తుడుస్తూ, "ఎన్ని చేతులు మారి వస్తున్నాయో చూశావురా," అన్నాడు. "ప్రతి చేతికీ ఒక నోరుంటుంది. అందరూ తిన్నాక మిగిలింది మనకి."

రెండేళ్ళలో అంగడి మూతపడింది. పేరో రేవులో ఇంకెవరిదో ఉప్పు తూచే పనిలో చేరి, ఆ పనిలోనే పోయాడు. మెండో మేనమామ దగ్గర పీపాల పని నేర్చుకున్నాడు. ఓక్ చెక్కను బద్దలుగా చీల్చడం, నిప్పు మీద వంచడం, ఇనపకట్టు బిగించడం అన్నీ చేతికి వచ్చాయి. కానీ "దానికి ముందు?" అన్న ప్రశ్న మాత్రం ఆయన గొంతులో చేపముల్లులా ఉండిపోయింది.

తరువాత కొన్నేళ్ళకు, దక్షిణానికి వెళ్ళిన రాజుగారి ఓడలు తిరిగి వచ్చాయి. వాటిలోంచి దిగిన ఒక ముసలి నావికుడు పగిలిన పీపా ఒకటి దొర్లించుకుంటూ మెండో పాకకు వచ్చాడు. ఎండకు చర్మం మాడి, చెప్పుతోలులా ఉన్నాడు.

"నేల అయిపోయింది మెండో," అన్నాడు కూర్చోగానే. "ఆఫ్రికాకి ఒక కొస ఉంది. ఇన్నాళ్ళూ పొద్దున్నే నేల మీంచి లేచే సూర్యుడు, ఒకరోజు సముద్రంలోంచి లేచాడు. మా కళ్ళతో చూశాం. మలుపు తిరిగాం."

మెండో చేతిలో సుత్తి ఆగిపోయింది. "తిరిగితే ఇంకేం, ఇండియాకి దారి దొరికినట్టే కదా. మరెందుకు వెనక్కొచ్చారు?"

"నీళ్ళు అయిపోవచ్చాయి," అన్నాడు ముసలాయన. పగిలిన పీపాను కాలితో నెట్టి, "ధైర్యం కూడా," అన్నాడు.

ఆ తరువాత చాలా ఏళ్ళు ఏమీ జరగలేదు. రాజు పోయాడు, కొత్త రాజు వచ్చాడు. మెండోకు పెళ్ళయింది. భార్య వియొలాంతె రేవులో బొగ్గుల మీద కవళ్ళ చేపలు కాల్చి అమ్మేది. ఆమె గొంతు విప్పితే నది అవతలి ఒడ్డు వాళ్ళు కూడా చేపలు కొనడానికి వచ్చేవారని జనం చెప్పుకునేవారు. చివరికి ఒక వసంతంలో కొత్త ఓడలు తయారవుతున్నాయన్న మాట పొక్కింది. మునుపటి వాటికంటే పెద్దవి, పొట్టలు లోతైనవి. నీళ్ళ పీపాలు కుప్పలుకుప్పలుగా కావాలన్నారు. ఓడతోపాటు ఒక పీపాలవాడు కూడా కావాలన్నారు.

ఆ సాయంత్రం మెండో భార్య బొగ్గుల కుంపటి దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"నేను కూడా వెళ్దామనుకుంటున్నా."

"ఎక్కడికి, సంతకా?"

"ఇండియాకి."

వియొలాంతె చేపను ఇంకో వైపుకు తిప్పింది. "సరే. వచ్చేటప్పుడు వెల్లుల్లి పట్రా. అయిపోయింది."

"నిజంగానే అంటున్నానే."

"ఏమయ్యా, పక్కవీధిలో మా అక్క ఇంటికి రమ్మంటే నడుం నొప్పంటావు. ఇండియాకైతే నొప్పి పుట్టదా?" అని ఆయన మొహంలోకి చూసింది. చూశాక ఇంక వేళాకోళం చేయలేకపోయింది. చేతులు గౌనుకి తుడుచుకుని దగ్గరికి వచ్చింది. "నిజం చెప్పు. రాజుకంటే లాభం. దొరలకి పేరు. ఫాదర్లకి పుణ్యం. పీపాలవాడికేం ఒరుగుతుంది?"

మెండో కుంపటి పక్కన కూర్చున్నాడు. "మా నాన్న మోకాళ్ళ మీద కూర్చుని ఒక్క గింజ కోసం నేలంతా తడిమేవాడు. ఆ గింజ ఎక్కడో ఒకచోట ఊరికే కాసే ఉంటుంది కదా. ఆ చోటు చూడాలి."

"చూసి?"

"చూసి వచ్చేస్తా."

"అంత గట్టిగా చెప్తున్నావేం?"

"నీళ్ళ పీపాలు కట్టేది నేనేగా. దాహంతో అయితే చావను."

వియొలాంతెకు నవ్వు, ఏడుపు ఒకేసారి వచ్చాయి. ముక్కు చీది, చెయ్యి చాపింది. "పాక తాళం ఇలా ఇవ్వు. నువ్వు లేవని ఊళ్ళో పీపాలు ఆగవు."

*

జూలైలో ఓడలు కదిలాయి. తీరం వెంబడి వెళ్ళకుండా, గాలి కోసం నడిసముద్రంలోకి పెద్ద చుట్టు తిరిగారు. మూడు నెలల పైన నేల కనబడలేదు. ఎండు రొట్టెలో పురుగులు, ఉప్పు మాంసం, కొలిచి పోసే నీళ్ళు. పని లేనప్పుడు నీడ పట్టున కూర్చుని మాట్లాడుకోవడం ఒక్కటే కాలక్షేపం. ఎవరెందుకు వచ్చారన్నది రోజూ వచ్చే కబురే.

"నేను పెళ్ళి తప్పించుకోవడానికొచ్చా," అనేవాడు లోపో. సెతూబల్ నుంచి వచ్చిన నావికుడు. మెండో పక్కనే పడుకునేవాడు, మెండో మాట్లాడని మాటలన్నీ తనే మాట్లాడేవాడు. "పిల్ల మంచిదే పాపం. వాళ్ళమ్మే తుపాను. నాకు ఈ తుపానే నయమనిపించింది."

డుఆర్తె అని ఒక దొరబిడ్డ ఉండేవాడు. కత్తికి వెండి పిడి, చొక్కాకు మాసికలు. "మా నాన్నకి కోట ఒకటి, కొడుకులం నలుగురం. పెద్దన్నకి కోట, రెండో అన్నకి గుర్రాలు, మూడో అన్నని మఠంలో చేర్చారు. నాకు ఆశీర్వాదం ఇచ్చారు," అనేవాడు. అందరూ నవ్వితే తనూ నవ్వేవాడు.

ఫాదర్ బెంతోది ఇంకో ఆశ. సుల్తానుల రాజ్యాలకు అవతల ఎక్కడో ఒక గొప్ప క్రైస్తవ రాజు ఉన్నాడని, ఆయనతో చేయి కలిపితే లోకమే మారిపోతుందని నమ్మేవాడు.

"మనం వస్తున్నట్టు ఆయనకి తెలుసా ఫాదరుగారూ?" అని లోపో అడిగితే, "తెలియదు నాయనా. అందుకేగా చెప్పడానికి వెళ్తున్నాం," అనేవాడు.

మెండో వంతు వచ్చినప్పుడు, "మిరియాలు ఎక్కడ కాస్తాయో చూద్దామని," అన్నాడు.

"కొనడానికా?"

"చూడ్డానికి."

ఓడంతా గొల్లున నవ్వింది. ఆ రోజు నుంచి ఆయనకు మిరియాల మెండో అని పేరు పడిపోయింది.

ఆఫ్రికా కొస దగ్గర నవ్వులు ఆగిపోయాయి. గాలి ఎదురు తిరిగింది. కొండలాంటి అలలు వచ్చి ఓడను కుక్కపిల్లను విదిలించినట్టు విదిలించాయి. ఓడ అడుగున కట్టి ఉంచిన పీపాలు తాళ్ళు తెంచుకుని ఒకదానితో ఒకటి ఢీకొన్నాయి. మెండో, లోపో కిందికి దిగి భుజాలు అడ్డుపెట్టారు. ఒక పీపా మెండో ఎడమచేతి వేళ్ళను నలిపేసింది. గాలి తగ్గి, ఓడలు మలుపు దాటి ఒక ప్రశాంతమైన అఖాతంలో లంగరు వేసేసరికి, నీళ్ళ పీపాల్లో సగానికి సగం బద్దలు ఊడి, కట్లు జారి, కట్టెల కుప్పలా ఉన్నాయి.

నావికులు అప్పటికే విసిగిపోయి ఉన్నారు. ఆ సాయంత్రం లోపో మెండో పక్కకు వచ్చి కూర్చున్నాడు. వెనక ఇంకొంతమంది నిలబడ్డారు.

"చెయ్యి ఎలా ఉందిరా?" అన్నాడు లోపో.

"ఉంది."

"రేపు పొద్దున కెప్టెన్ నిన్ను పిలుస్తాడు. పీపాలు బాగవుతాయా అని అడుగుతాడు. అవ్వవని చెప్పు. ఒక్క మాట. అబద్ధం కూడా కాదు, చూడు ఎలా పడున్నాయో. నీళ్ళు పట్టుకోను పీపాలు లేకపోతే ఏ కెప్టెనూ ముందుకు పోడు. తిన్నగా ఇంటికి."

మెండో వాచిన చేతిని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"నీకు మాత్రం లేదట్రా ఇంటికి పోవాలని?"

"ఎందుకు లేదు," అన్నాడు మెండో. "చాలా ఉంది."

ఒప్పుకున్నట్టేననుకుని లోపో ఆయన భుజం తట్టి వెళ్ళిపోయాడు. మెండో కిందికి దిగి పగిలిన బద్దలను ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూశాడు. వేళ్ళు వాచి సలుపుతున్నాయి. వియొలాంతె కుంపటి, పాకలో ఓక్ పొట్టు వాసన, ఆదివారం పూట గంటలు, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి. అవ్వవు అన్న మాట నోట్లోనే ఉంది. అనేస్తే అయిపోతుంది. ఎవరూ తప్పు పట్టరు.

పొద్దున్నే కెప్టెన్ అందరినీ పైకి పిలిచాడు. కోపిష్టి మనిషి, కానీ ఆ రోజు గొంతు నెమ్మదిగానే ఉంది.

"ఏం మెండో, పీపాలు బాగవుతాయా?"

లోపో మెండో వైపే చూస్తున్నాడు. మెండో టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"దొరా, ఇంటికి పోవాలన్నా నీళ్ళు కావాలి, ముందుకు పోవాలన్నా నీళ్ళు కావాలి. ఎలాగూ కట్టాల్సిందే. మనతో వచ్చిన సరుకు ఓడ ఖాళీ అయిపోయింది కదా. దాన్ని ఎలాగూ విప్పేస్తామన్నారు. అందులోని పీపాలు, ఇనపకట్లు నాకిప్పించండి. నాతో తెచ్చిన బద్దల కట్టలు ఇంకా ఉన్నాయి. ముందుకు పోవడానికి చాలినన్ని చేస్తాను."

కెప్టెన్ తలూపాడు. వెనక ఎవరో బూతు తిట్టారు. లోపో మొహం తిప్పుకుని వెళ్ళిపోయాడు.

ఒడ్డున ఇసుక మీద కొలిమి పెట్టారు. మెండో కుడిచేత్తో సుత్తి, వాచిన ఎడమచేత్తో కట్టు పట్టుకుని పని మొదలుపెట్టాడు. సాయం రమ్మంటే ఒక్కడూ రాలేదు. డుఆర్తె మాత్రం వెండిపిడి కత్తి పక్కన పెట్టి, తెలియని చేతులతో నిప్పు ఊదాడు. మధ్యాహ్నం దాటాక లోపో వచ్చి కాస్త దూరంగా నిలబడ్డాడు.

"మేమంతా నిన్ను అడిగాం," అన్నాడు. "ఒక్క మాట."

"అడిగారు."

"మరెందుకురా?"

మెండో సుత్తి దించాడు. ఇంత పొడుగు మాట ఆయన జన్మలో మాట్లాడి ఉండడు. "మనకంటే ముందొచ్చినవాళ్ళు ఇటువైపు నుంచే తిరిగిపోయారు. వాళ్ళు పోబట్టే కదా, మనం మళ్ళీ మొదట్నుంచీ ఇంత దూరం రావాల్సొచ్చింది. ఇప్పుడు మనమూ పోతే ఇంకొకళ్ళు రావాలి. వాళ్ళు కూడా ఈ అలలు తినాలి, ఈ పురుగుల రొట్టె తినాలి. వాళ్ళూ ఇక్కడే ఆగిపోతే ఇంకొకళ్ళు. ఎన్నిసార్లు చేస్తార్రా ఇదే పని? సగం కట్టిన పీపాలో ఎవరైనా నీళ్ళు పోస్తారా?"

లోపో ఇసుకను కాలితో తన్నాడు. తన్ని, వచ్చి కూర్చుని ఇనపకట్టు అవతలి కొస పట్టుకున్నాడు. "నువ్వు మాట్లాడకపోతేనే బాగుంటావు," అన్నాడు. "కొట్టు. నా వేలు మీద కొట్టావంటే మాత్రం నిన్నే పీపాలో వేసి దొర్లిస్తా."

లోపో కూర్చున్నాక మిగతావాళ్ళు కూడా ఒక్కొక్కరే వచ్చారు. ఒకరు కట్టెలు తెచ్చారు, ఒకరు బద్దలు చెక్కారు. చివరి పీపా నింపి నిలబెట్టినప్పుడు అందరూ చుట్టూ చేరారు. కారుతుందేమోనని ఫాదర్ బెంతో మోకాళ్ళ మీద వంగి దాని అడుగంతా తడిమి చూశాడు. చెయ్యి పొడిగా వచ్చింది. ఆ పొడిచేతిని పైకెత్తి చూపించగానే ఒడ్డంతా ఈలలు, చప్పట్లు. అంతకు ముందు తిట్టినవాడే మెండోను భుజాల మీదికెత్తుకున్నాడు.

తరువాత కొన్నాళ్ళకు, ఒక తెల్లవారుఝామున మెండో పైకి వచ్చి చూస్తే, ఎడమచేతి వైపు నేల ఇంకా మసకగా ఉంది. సూర్యుడు కుడిచేతి వైపు సముద్రంలోంచి లేస్తున్నాడు.

*

ఆ తీరం వెంబడి ఉత్తరానికి వెళ్ళేకొద్దీ చిగుళ్ళు వాచి కొందరు పోయారు. మాలిందీ అనే రేవులో బత్తాయిలు తిని మిగిలినవాళ్ళు తేరుకున్నారు. అక్కడ దొరికిన మార్గదర్శి వాళ్ళను సముద్రం దాటించాడు. మే నెలలో, వానమబ్బుల కింద పచ్చటి కొండలు కనిపించాయి. కాలికట్.

అక్కడి రాజుగారి కోసం తీసుకెళ్ళిన కానుకలు చూసి ఆయన అధికారులు నోటికి చెయ్యి అడ్డుపెట్టుకుని నవ్వారు. టోపీలు, చేతులు కడుక్కునే పళ్ళాలు, తేనె. బంగారం గుట్టలుగా ఉండే ఊళ్ళో తేనె. దొరలు అవమానంతో ఎర్రబడ్డారు. మెండోకు మాత్రం ఆ నవ్వు తగల్లేదు. ఆయన కళ్ళు బజారంతా వెతుకుతున్నాయి. మిరియాలు గోతాలు గోతాలుగా గోడకు ఆనించి ఉన్నాయి. కానీ గోతం కూడా ఎక్కడినుంచో వచ్చిందే కదా.

ట్యునిస్ నుంచి వచ్చి అక్కడ వ్యాపారం చేసే యూసుఫ్ అనే ఆయనకు స్పెయిన్ వాళ్ళ భాష వచ్చు. మెండోకు ఆ భాష కాస్త అర్థమవుతుంది.

"కొనాలా?" అన్నాడు యూసుఫ్.

"కొనడానికి కాదు బాబూ. కాసే చోటు చూపించు."

యూసుఫ్ ఆయన్ను ఎగాదిగా చూశాడు. "ఇంత దూరం వచ్చి చెట్టు చూస్తావా? సరే, పద."

డుఆర్తె కూడా వెంట వచ్చాడు. కొబ్బరి చెట్ల మధ్య ఎర్రమట్టి దారిలో చాలాసేపు నడిచి ఒక పెంకుటిల్లు చేరారు. వాకిట్లో తాటాకు చాప మీద మిరియాలు ఎండబోసి ఉన్నాయి. వాటి మీద రెండు కోళ్ళు తిరుగుతూ, కాళ్ళతో చెదరగొడుతున్నాయి.

మెండో కేక వేసి పరుగెత్తాడు. చేతులు ఊపుతూ కోళ్ళను తరిమాడు. చాప చుట్టూ చిందిన గింజలను మోకాళ్ళ మీద కూర్చుని ఏరసాగాడు. ఇంట్లోంచి ఒక ముసలమ్మ బయటికి వచ్చి, ఎర్రగడ్డం విదేశీయుడు తన వాకిట్లో పాకుతుంటే చూసి, నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది. తరువాత నవ్వడం మొదలుపెట్టింది.

"ఏమంటోంది?" అని అడిగాడు మెండో.

"కోళ్ళు తిరిగితే తిరగనీ, అవేం తినవులే, ఘాటు కదా అంటోంది," అన్నాడు యూసుఫ్.

"ఇవి ఎక్కడివో అడుగు."

యూసుఫ్ అడిగాడు. ముసలమ్మ పెరటి వైపు చెయ్యి చూపించింది. "మా పెరట్లోవే."

"దానికి ముందు?"

"దానికి ముందు వాళ్ళ అత్త నాటిందట," అన్నాడు యూసుఫ్.

మెండో ఇంకేమీ అడగలేదు. అడగడానికి ఇంకేమీ మిగల్లేదు. ముసలమ్మ వెనకాలే పెరట్లోకి వెళ్ళాడు. పనసచెట్టును అల్లుకుని ఒక తీగ, తమలపాకుల్లాంటి ఆకులు, ఆకుల మధ్య పచ్చటి గింజల గుత్తులు వేలాడుతున్నాయి. చిక్కుడు పాదు కాసినంత మామూలుగా కాసింది. మెండో వంగి ఆ తీగ మొదలు చేత్తో పట్టుకున్నాడు. తడిమట్టి, వేళ్ళు, ఒక చీమల బారు. అంతే. ఆయన భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో డుఆర్తెకు ముందు తెలియలేదు. రెండూను.

"నాన్నా," అన్నాడు తనలో తాను.

ఈ మనిషికి ఆకలేస్తున్నట్టుందని ముసలమ్మ అనుకుంది. ముగ్గురినీ అరుగు మీద కూర్చోబెట్టి, అన్నంలోకి చారు కాచింది. ఎదురుగానే గుప్పెడు మిరియాలు రోట్లో వేసి, లెక్కాపత్రం లేకుండా దంచి, కుండలో పడేసింది. ఒక్క ముద్ద తినగానే మెండోకు చెవుల్లోంచి పొగ వచ్చినట్టయింది. కళ్ళలోంచి, ముక్కులోంచి నీళ్ళు కారాయి. గిన్నె మళ్ళీ చాపాడు.

"మా నాన్న కోటలో పండక్కి కూడా ఇంత మిరియం పడదు," అన్నాడు డుఆర్తె దగ్గుతూ. "చూశావా, మా నాన్న ఆశీర్వాదం పనిచేసింది."

*

తిరుగు ప్రయాణంలో ఎంత కష్టపడ్డారో చెప్పాలంటే చాలా ఉంది. కాలికట్లో పెద్దలకూ ఓడలవాళ్ళకూ మాటలు చెడ్డాయి. దొరికినన్ని మిరియాల గోతాలు ఎక్కించుకుని, గాలి మారేదాకా ఆగకుండా బయలుదేరారు. నెలల తరబడి సముద్రం అద్దంలా కదలకుండా ఉండిపోయింది. మళ్ళీ ఆ చిగుళ్ళ జబ్బు వచ్చింది. రోజూ ఎవరో ఒకరిని గుడ్డలో చుట్టి నీళ్ళలోకి దించారు. డుఆర్తె కూడా పోయాడు. చివరిదాకా మెండో ఆయన తలను ఒళ్ళో పెట్టుకుని, తను కట్టిన పీపాలోంచి నీళ్ళు చుక్కచుక్కగా పోశాడు. "నీళ్ళు బాగున్నాయి," అన్నాడు డుఆర్తె. వెండిపిడి కత్తిని మెండో గుడ్డలో చుట్టి, వాళ్ళ కోటకు పంపించడానికి దాచాడు. నడపడానికి మనుషులు చాలక ఒక ఓడను తగలబెట్టాల్సి వచ్చింది. బయలుదేరినవాళ్ళలో సగం మంది కూడా ఇల్లు చేరలేదు. లోపో చేరాడు, నాలుగు పళ్ళు పోగొట్టుకుని.

కానీ చేరారు. వేసవి ఎండలో తేజో నది ముఖద్వారం కనిపించినప్పుడు, లేవలేనివాళ్ళను కూడా ఇద్దరేసి పట్టుకుని పైకి తెచ్చారు. ముందు ఒక చర్చి గంట మోగింది. తరువాత దాని పక్కది. కొండ మీద ఒకదాని తరువాత ఒకటి మోగుతూ లిస్బన్ మొత్తం మోగింది. ఓడ అడుగు తలుపు తీయగానే లేచిన మిరియాల ఘాటు గాలిలో కలిసి, ఓడ కంటే ముందు రేవు చేరింది. ఒడ్డున నిలబడ్డ జనం ముక్కులు ఎగబీల్చారు. ఆ పైన ఎవరి గొంతు ఎవరికీ వినిపించలేదు. వెనిస్ వ్యాపారుల ఇళ్ళ కిటికీలు ఆ మధ్యాహ్నం మూసుకున్నాయి. ఆ ఏడాది చలికాలం రాకముందే మిరియాల ధర చెప్పేవాళ్ళు మారిపోయారు.

వియొలాంతె జనాన్ని మోచేతులతో తోసుకుంటూ వచ్చింది. మెండోను చూసి మొదట గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక, ఆయన చెంపలు రెండు చేతులతో పట్టుకుని ఊపేసింది.

"బతికే ఉన్నావుటయ్యా."

"చెప్పాగా, దాహంతో చావనని."

"సగమే మిగిలావు. మిగతా సగం ఏ రేవులో వదిలేశావు?" అంటూనే ఆయన గుండె మీద తల పెట్టింది. వెంటనే తల వెనక్కి తీసి ఒక్క తుమ్ము తుమ్మింది. గోతాల మధ్య పడుకుని పడుకుని ఆయన కోటు నిండా మిరియాల పొడి పట్టేసి ఉంది.

పాక దగ్గరికి వెళ్ళేసరికి అక్కడ రెండు కొలిములు మండుతున్నాయి. ఒక ముసలి పీపాలవాణ్ణి, ఇద్దరు పనివాళ్ళను పెట్టి వియొలాంతె పని నడిపిస్తోంది. పక్క పాక కూడా కలిపేసింది. గోడ పొడుగునా కొత్త పీపాలు వరసగా ఉన్నాయి.

"ఇవన్నీ ఎవరికి?" అన్నాడు మెండో.

"రాజుగారికి. ఈసారి ఇంకా ఎక్కువ ఓడలట. మీ ఓడ నది ముఖద్వారంలో కనబడిందని తెలియగానే, కట్టి ఉన్నవన్నీ కావాలని మనిషిని పంపారు. ఒప్పేసుకున్నా." ఆమె ఆయన చేతి వంకరవేళ్ళు చూసింది. "నువ్వు మాత్రం ఎక్కడికీ పోవు. ఇక్కడ కూర్చుని కట్టు. దారి తెలిసిందిగా, పోయేవాళ్ళు పోతారు."

ఆ దారిన తరువాత ఏమేం వెళ్ళాయో, ఎంత మంచి ఎంత చెడు జరిగిందో అది పెద్ద కథ. మెండో ముసలితనంలో ఆ కబుర్లు విన్నప్పుడల్లా, తనకు అన్నం పెట్టిన ఆ ముసలమ్మ ఇంటి వైపు ఫిరంగులు పోకుండా ఉంటే బాగుండునని అనేవాడు. కానీ ఆ వేసవి రోజున ఆయనకు ఆ బాధ లేదు. ఆ రోజు వీధివీధంతా ఆయనను చూడటానికే వచ్చింది. వచ్చినవాళ్ళంతా అడిగింది ఒక్కటే, ఆ కోటు ఒక్కసారి వాసన చూడనివ్వమని. వియొలాంతె దాన్ని ఉతకకుండా పాక బయట మేకుకు తగిలించింది. బేకరీ ఆవిడ తుమ్మింది, చెప్పులు కుట్టేవాడు తుమ్మాడు, చంకలో పిల్లాడు తుమ్మి కళ్ళు పెద్దవి చేసుకుని చూశాడు. ఫాదర్ బెంతో తుమ్మినవాళ్ళందరికీ దీవెనలు చెప్పి చెప్పి అలసిపోయి తనూ తుమ్మాడు. లోపో మాత్రం తలుపు పక్కన నిలబడి, పళ్ళు ఊడిన నోటితో, వరసలో రండమ్మా, తోసుకోకండి, ఇండియా ఎక్కడికీ పారిపోదు అని అరుస్తున్నాడు.

"ఇంకొక్కసారి తుమ్మితే చేప కొనాల్సిందే," అంది వియొలాంతె, కుంపటి అంటిస్తూ.